మా ఆయన ఓడ, నా అడ్రసు

నాకో సవతి ఉంది. ఒళ్ళంతా ఇనుము, బూడిద రంగు, మేడంత ఎత్తు. మా ఆయన నేవీలో ఉన్నన్నాళ్ళలో ఎక్కువ కాలం పనిచేసిన యుద్ధనౌక అది. ఆయన రిటైరై తార్నాకలో ఇంటికొచ్చి కూర్చుంటే, అదీ వెనకాలే వచ్చింది. హాల్లో ఫోటోగా, షోకేసులో చెక్క బొమ్మగా, అల్మారాలో ఆల్బంగా. దుమ్ము దులిపేది మాత్రం నేనే.

నేను మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. మా నాన్న రాత్రి డ్యూటీకి పోతే తెల్లారి ఇంట్లో ఉండేవాడు. మొగుడంటే అలా వస్తాడనుకున్నాను. ఈయన విశాఖపట్నంలో ఓడెక్కితే నెలలు గడిచిపోయేవి. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం వదల్లేక నేనిక్కడే ఉండిపోయాను. పిల్లకి జ్వరమొస్తే నేనే, నల్లా పగిలితే నేనే. సెలవు మీద వచ్చినప్పుడన్నా నా గోడు వింటాడా అంటే, అన్నం ముందు కూర్చుని కూడా ఇంజన్ రూము కబుర్లే.

ఓడకి పుట్టినరోజు ఉంటుందని పెళ్ళయ్యాకే తెలిసింది నాకు. అది నౌకాదళంలో చేరిన రోజును ఏటా పండగలా చేసుకుంటారట. ఆ రోజు మా ఆయన పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హబ్సిగూడ దాకా పోయి మిఠాయి తెస్తాడు. పాత దోస్తులందరికీ ఫోన్లు చేస్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే గొంతు జీరబోతుంది. మా పెళ్ళిరోజు మాత్రం మా అమ్మాయి ఫోన్ చేసి గుర్తుచేయాలి. ఒళ్ళు మండదా మరి?

ఒకసారి అడిగేశాను. "నా గురించి చెప్పంగ ఎప్పుడన్న గట్ల గొంతు పట్టుకున్నదా నీకు?"

"నువ్వు ఇంట్లనే ఉంటివి గద," అన్నాడు. ఆ పూట ఆయనకి చారు కూడా వేడి చేసి పెట్టలేదు నేను.

ఇక ఆ ఆల్బంలోని కవర్లు. ఓడ నౌకాదళంలో చేరినప్పుడు, పాతికేళ్ళు నిండినప్పుడు, ఏ పెద్ద సందర్భం వచ్చినా తపాలా శాఖ ప్రత్యేక కవరు వేస్తుంది. ఎడమ పక్కన ఓడ బొమ్మ, కుడి పైన స్టాంపు, దానిమీద ఆ రోజు మాత్రమే కొట్టే ముద్ర. మిగతా జాగా ఖాళీ. ఆ ఖాళీలో చుక్క సిరా పడకూడదు, పడితే కవరు చెడినట్టే. పోగేసేవాళ్ళందరికీ ఇది శాసనం. మా ఆయన ఆ ఆల్బం తీసే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటాడు. నన్ను వేలు పెట్టనివ్వడు. "నూనె చేతులు పెట్టకు," అంటాడు. ఆ నూనె ఎవరి కూరలోదో అడగాలనిపిస్తుంది.

కొన్నేళ్ళ కింద ఓడని డీకమిషన్ చేశారు, అంటే దానికీ రిటైర్మెంటు. పాతవాళ్ళందరినీ పిలిస్తే మా ఆయన విశాఖపట్నం పోయాడు. ఆయన తిరిగొచ్చిన మర్నాడు పోస్ట్‌మ్యాన్ ఒక కవరు తెచ్చాడు. ఎడమ పక్కన ఓడ. కుడి పక్కన ఆయన చేతిరాతతో నా పేరు, తార్నాక అడ్రసు.

ఆత్రంగా విప్పాను. లోపల అచ్చేసిన కార్డు ఒకటి. ఓడ ఎక్కడ పుట్టిందీ, ఏయే రేవులు తిరిగిందీ, తుపాను కొట్టిన తీరాలకి ఎన్నిసార్లు బియ్యం మూటలు మోసిందీ, అంతా దాని ఘనతే. తిప్పి తిప్పి చూశాను. ఆయన రాసిన ముక్క ఒక్కటీ లేదు.

"మనిషివే వచ్చినవ్ గద, ఇంక గిది ఎందుకు?" అన్నాను.

"ఉంచు," అన్నాడు. కవరుని తీసుకుపోయి ఆల్బంలో చివరి పేజీలో పెట్టాడు. నా పేరున్న కవరు కూడా ఆ ఓడ పక్కకే పోయింది. ఏడుపొచ్చింది.

ఈమధ్య ఆయనకో తోడు దొరికాడు. క్యాంపస్‌లో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు. నౌకల కవర్లు పోగేయడం ఆయనకి పిచ్చి. ఆదివారం వస్తే మా ఆయన వాళ్ళింట్లోనే. నా దగ్గర రెండు ముక్కల్లో తేల్చే మనిషి, అక్కడ గంటలు గంటలు మాట్లాడతాడు. చివరికి ఇద్దరూ కలిసి క్యాంపస్‌లోని ఒక సెమినార్ హాల్లో ఆ ఒక్క ఓడ మీదే ప్రదర్శన పెట్టారు. గోడలకి కవర్లు బిగించే రోజు నన్ను కూడా రమ్మన్నారు. టీ ఫ్లాస్కు మోయడానికి, ఇంకెందుకు?

హాల్లో ఎటు చూసినా అదే. పొగ వదులుతూ ఒకచోట, జెండాలు కట్టుకుని ఒకచోట. పెళ్ళికూతురికైనా ఇన్ని ఫోటోలుండవు. నేనో మూల కుర్చీలో కూర్చుని కుతకుత ఉడికిపోతున్నాను.

ప్రొఫెసరు గారు చివరి కవరు తీసి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"అయ్యయ్యో, దీనిమీద అడ్రసు రాసేశారేంటండీ! అదీ బాల్ పెన్నుతో! మిగతావన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రాయకూడదని మీకు తెలియదా?"

"తెలుసు సార్," అన్నాడు మా ఆయన. "తెలిసే రాసిన."

"మరెందుకండీ?"

మా ఆయన నేలచూపులు చూశాడు. "జెండా దించిండ్రు సార్. ఇగ అయిపాయె. ఎవరికన్న చెప్పాలె గద. ఏం రాయాలో తెల్వలే, అడ్రస్ రాసి పోస్టు డబ్బల ఏసిన. నాకు ఇంకెవరున్నరు సార్?"

ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అనలేదు. ప్రొఫెసరుతో అన్నాడు! అందుకు కూడా కోపమొచ్చింది నాకు.

"సరే, ఫర్వాలేదు లెండి," అన్నారు ప్రొఫెసరు గారు కత్తెర తీస్తూ. "అడ్రసు మీద తెల్లకాగితం ముక్క పెట్టేద్దాం. కనబడదు."

లేచాను. ప్రొఫెసరు గారు కత్తిరించిన ముక్కని ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"అడ్రస్ మీద వద్దు సార్. పెడితే ఓడ మీద పెట్టుండ్రి."

ఆయన బిత్తరపోయారు. "అమ్మా, ఇది ఓడ ప్రదర్శన కదమ్మా!"

"గోడ నిండ అదే ఉన్నది గద సార్. గీ ఒక్క కవరు నాది. నా పేరు కనబడాలె."

మా ఆయన కోప్పడతాడనుకున్నాను. నా చేతిలోని కాగితం ముక్క తీసుకున్నాడు. దాన్ని ఓడ బొమ్మ మీద అటు జరిపి, ఇటు జరిపి చూశాడు.

"చిన్నగైంది సార్," అన్నాడు. "ఇంకొంచెం పెద్దది కోయుండ్రి."