రోజుకు రెండంగుళాలు తగ్గిన ప్లాట్‌ఫారం

1945 డిసెంబరు మొదటి వారంలో నన్ను సికింద్రాబాదు రైల్వే డ్రాయింగు ఆఫీసు నుంచి సిద్దిపేట సర్వే క్యాంపుకు ట్రేసరుగా పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. యుద్ధం వల్ల మగవాళ్లు దొరక్క బల్లలు ఖాళీగా ఉంటే, గీత తిన్నగా గీయగల ఆడపిల్లలను ఇద్దరు ముగ్గురిని తీసుకున్నారు. ఆఫీసులో నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మిగిలినవన్నీ డైరీలోకి పోయేవి.

ట్రేసరంటే డ్రాయింగు ఆఫీసులో అన్నిటికంటే కింది మెట్టు. సర్వే వాళ్లు కొలతలను ఫీల్డు బుక్కులో రాస్తారు. వాటిని చూసి డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో నక్షా గీస్తాడు. దాని మీద గంజి పెట్టిన పలచని ట్రేసింగు గుడ్డ పరిచి, సుద్దపొడి రుద్ది, సిరాతో ఎత్తి రాసేది ట్రేసరు. ఆ గుడ్డ నుంచే నీలి కాపీలు తీస్తారు. ట్రేసరుకు నియమం ఒక్కటే: కింద ఉన్న గీత వదలకూడదు, లేని గీత కలపకూడదు. నాకు ఆ నియమం ఎంతో నచ్చేది. సొంతంగా ఏమీ చెప్పనక్కరలేని పని మరి.

క్యాంపుకు నన్నే ఎందుకు పంపారంటే, అక్కడ ఆడవాళ్లకు వేరే బస లేదు. సిద్దిపేటలో మా పెద్దమ్మ రాజవ్వ ఉందని నా దరఖాస్తులో ఎప్పుడో రాసుకున్నాను. అది ఎవరి కంటనో పడింది.

సర్వే ఉద్దేశం సిద్దిపేటకు ఒక కొత్త లైను వేయవచ్చునా అని చూడడం. స్టేషనుకు నమూనాగా మా సికింద్రాబాదు శివారు స్టేషనును తీసుకున్నారు. అది నేను రోజూ ఎక్కి దిగే స్టేషనే కనుక దాని సంగతి చెప్పగలను. మొదట అది స్టేషనే కాదు. వర్క్‌షాపు కూలీలు దిగడానికి బండి ఒక్క నిమిషం ఆగే మట్టిదిబ్బ. తరువాత దిబ్బకు రాళ్లు పేర్చి ప్లాట్‌ఫారం చేశారు. ఎండకు తాళలేక ఒక రేకుల పందిరి వేశారు. టిక్కెట్టు లేకుండా ఎక్కుతున్నారని కిటికీ ఒకటి, ఆడవాళ్ల కోసం తెర కట్టిన గది ఒకటి వచ్చాయి. ఏది ఎప్పుడు అవసరమైతే అది తగిలిస్తూ పోయినా, చివరకు చూస్తే పొందికగానే కనిపించేది. ఊరి వైపు గుమ్మం, గుమ్మానికి కుడి చేతి పక్క టిక్కెట్టు కిటికీ, లోపలికి రాగానే ఆరు వందల అడుగుల ప్లాట్‌ఫారం, ఆ చివర సామాన్ల షెడ్డు. లోపం ఒక్కటే. కిటికీ సరిగ్గా తూర్పుకు ఉండేది. పొద్దున షటిల్ బండి వేళకు ఎండ నేరుగా గుమాస్తా కళ్లలో పడేది. ఆయన దానికొక గోనెపట్టా వేలాడదీసుకుని, దాని కింది నుంచి టిక్కెట్లు ఇచ్చేవాడు. మాకు రెండేళ్లుగా తెలిసింది ఆయన వేళ్లే.

సిద్దిపేటలో ఈ నమూనా పట్టే చోటు కోసం మా సర్వే ఇంజనీరు వెంకోబరావు గారు వారం రోజులు తిరిగారు. ఆరు వందల అడుగులు తిన్నగా, ఎగుడు దిగుడు లేకుండా, ఊరికి దగ్గరగా ఉండాలి. ఊరి అంచున అలాంటి చోటు దొరికింది. ఊడ్చినట్టు శుభ్రంగా, నీటిమట్టం పెట్టి చదును చేసినట్టు ఉందని ఆయన సంబరపడ్డారు. వంద అడుగులకు ఒకటి చొప్పున ఏడు టేకు గుంజలు పాతించి, తారుతో సున్నా నుంచి ఆరు దాకా అంకెలు వేయించారు. నక్షాలో ఆ చోటు మీద 'ఖాళీ స్థలం' అని రాశారు.

చిక్కు మూడో రోజున మొదలైంది. సున్నా గుంజ, ఆరో గుంజ లోపలికి వంగి ఉన్నాయి. మధ్యవి ఐదూ నిటారుగా ఉన్నాయి. ఖలాసీలు సరిచేశారు. మరునాడు మళ్లీ అంతే. ఈ చివర ఒక అంగుళం, ఆ చివర ఒక అంగుళం. ప్లాట్‌ఫారం రోజుకు రెండంగుళాలు తగ్గుతోందని, ఈ లెక్కన రైలు వచ్చేనాటికి ఒక బెంచీ పట్టే జాగ మిగులుతుందని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఖాజా సాబ్ అన్నారు. ఇంజనీరు గారికి నవ్వు రాలేదు. మేకలు ఒరుసుకుంటున్నాయేమోనని గుంజల చుట్టూ తుమ్మకంప వేయించారు. కంప చెదరలేదు, గుంజలు మాత్రం వంగాయి. అవేం మేకలు, రెండు కొసల్లో నిలబడి ఒకదానికొకటి ఎదురుగా నెడతాయా అని ఖాజా సాబ్ మళ్లీ అడిగారు.

క్యాంపు ఆఫీసు ఊరికి అవతలి పక్క ఒక కిరాయి ఇంట్లో ఉండేది. నేను పది గంటలకు వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. స్థలం చూడడానికి ట్రేసరును ఎవరూ తీసుకుపోరు. నాకు తెలిసింది కాగితం మీది నలభై అడుగుల వెడల్పు పట్టీ మాత్రమే.

పెద్దమ్మ వాళ్లది మగ్గం ఇల్లు. పెదనాయన పోయినప్పటి నుంచి మగ్గం మీద కూర్చునేది ఆవిడే. పాడైన ట్రేసింగు గుడ్డ ముక్కలను మేము ఉతికి చేతిరుమాళ్లు చేసుకునేవాళ్లం. ఒకటి ఆవిడకిచ్చాను. వెలుతురుకు పట్టి చూసి, "గింత సన్న నేత మీద గీతలు గీసుడేందే" అని నన్ను నిజంగానే మందలించింది.

చలికాలం తెల్లవారగానే ఆ వాడ వాళ్లంతా పడుగులు చాచడానికి పోయేవారు. మగ్గానికి ఎక్కించే నిలువు నూలును పడుగు అంటారు. దాన్ని బారుగా చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వాలి. ఎండ ముదిరితే గంజి బిరుసెక్కి పోగులు తెగుతాయి కనుక తొమ్మిదికల్లా పని ముగించి, చుట్టుకుని, నేల ఊడ్చి ఇంట్లో మగ్గం గుంటలో దిగిపోవాలి. నేనూ పెద్దమ్మతో వెళ్లి పడుగు మధ్యలో నిలబడి కుంచె పట్టేదాన్ని. అక్కడ ఎవరూ నన్ను మాట్లాడమనేవారు కాదు. అందుకే ఆ పనీ నాకు నచ్చింది. ఏ రోజు ఎన్ని గంటలకు మొదలుపెట్టామో, ఎన్ని పడుగులు చాచారో డైరీలో రాసేదాన్ని.

నేను వచ్చిన రెండో వారంలో ఒక పొద్దున పెద్దమ్మకు మణికట్టు నొప్పి చేసి, చివర తాడు నన్ను కట్టమంది. కట్టేచోట ఒక గుంజ ఉంది. చుట్టూ ఉన్న కంపను ఆవిడ జాగ్రత్తగా పక్కకు పెట్టింది.

"ఎవరో పుణ్యాత్ములు పాతిపోయిన్రు బిడ్డా. మన తుమ్మ గుంజలు దినాం ఊడుతుండె. పశువులు తగలకుండ కంప గూడ పెట్టిన్రు, జూడు. పనైనంక మల్ల పెట్టాలె."

తాడు రెండు చుట్లు తిప్పేసరికి దాని కింద తారు అంకె కనిపించింది: ఆరు. మంచులో వెనక్కి తిరిగి చూశాను. గుంజకూ గుంజకూ మధ్య ఒక పడుగు, మొత్తం ఆరు, ఒకే వరుసలో. మధ్య గుంజలను రెండు వైపుల పడుగులూ సమానంగా లాగుతున్నాయి కనుక అవి కదలవు. కొసల్లోవి లోపలికే వంగాలి. వారం రోజులుగా పొద్దున నేను నిలబడి దువ్విన చోటునే మధ్యాహ్నం ఖాళీ స్థలమని సిరాతో రాస్తున్నాను. ఇంజనీరు గారి మేకల్లో నేనూ ఒకదాన్ని.

సర్వే వాళ్లూ ఈ వాడ వాళ్లూ ఇన్ని రోజులు ఒకరికొకరు ఎదురుపడకపోవడం ఎలా జరిగిందో అప్పుడే అర్థమైంది. పొద్దున మంచులో దుర్భిణీలో కొలత కర్ర మీది అంకెలు కనబడవని సర్వే బృందం పది దాటాకే బయలుదేరేది. అప్పటికి ఇక్కడ ఊడ్చిన నేల తప్ప ఏమీ ఉండదు.

నేను చేయవలసిన పని ఏమిటో తెలుసు. నోరు తెరిచి చెప్పాలి. ఆ రోజు నాలుగుసార్లు ఇంజనీరు గారి బల్ల దాకా వెళ్లి, నాలుగుసార్లూ సుద్దపొడి తీసుకుని వచ్చాను. నక్షా ఆఖరి ట్రేసింగు మరునాడు సికింద్రాబాదు వెళ్లిపోతుంది. వెళ్లిందంటే ఆ చోటు రైల్వేది అయినట్టే. చెప్పకుంటే ముప్పై ఇళ్ల పడుగులకు జాగ ఉండదు. చెబితే సర్వే గుంజలు వంచిన వాళ్లలో నా పేరు మొదట ఉంటుంది, నా ఉద్యోగం అంత గట్టిదేమీ కాదు.

సాయంత్రం ఎర్ర సిరాతో ఏడు గుంజల మధ్య ఆరు సన్నటి గీతలు కలిపాను. పక్కన 'పడుగులు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు' అని రాశాను. నా ఉద్యోగంలో సొంతంగా గీసిన మొదటి గీతలు అవే.

తనిఖీ సంతకం ఖాజా సాబ్‌ది. సిరా తప్పులు గీకే బ్లేడు ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది. దాన్ని తెరిచి ఎర్ర గీతల దాకా తెచ్చి ఆపారు.

"బేటీ, ఇది ఎవరి ఫీల్డు బుక్కుల ఉన్నది?"

"నా డైరీల ఉంది సాబ్."

ఆయన డైరీ తెమ్మన్నారు. చూపించాను. మిగతా సంగతులు రాసిన పేజీల మీద అరచేయి పెట్టి, తేదీలూ గంటలూ మాత్రం కనబడేలా పట్టుకున్నాను. గుంజలకు తాళ్లు కట్టిన వాళ్లలో నేనూ ఉన్నానని కూడా చెప్పాను. ఆయన బ్లేడు మూసి జేబులో పెట్టుకుని, ట్రేసింగును ఇంజనీరు గారి దగ్గరికి తీసుకువెళ్లారు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికి వచ్చి, రేపు ఆరింటికి సాబ్ వస్తరు, నువ్వు కుంచె పట్టుకొని నీ జాగల్నే ఉండు అన్నారు.

వెంకోబరావు గారు కోటు మీద మఫ్లరు చుట్టుకుని, చెప్పిన వేళకే వచ్చారు. ఆరు పడుగులు మంచులోంచి ఒక్కొక్కటిగా తేలుతున్నాయి. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచారు. ఆరో గుంజ దగ్గర ఆగి, వంపును వేలితో కొలిచారు. పెద్దమ్మకు ఆయనెవరో అర్థమైంది.

"గుంజలు పాతింది మీరేనా అయ్యా? మంచిగ పాతిన్రు. గీ చివరిదొక్కటే జర వదులుగున్నది. మనిషిని పంపి గట్టిగ కొట్టియ్యున్రి."

ఖాజా సాబ్ దగ్గు వచ్చినట్టు అటు తిరిగారు. ఇంజనీరు గారు, ఇక్కడ స్టేషను కడదామని గుంజలు పాతామమ్మా, మీరు పడుగులు వేరేచోట చాచుకోలేరా అని మర్యాదగానే అడిగారు. చుట్టూ కుంచెలు ఆగిపోయాయి. పెద్దమ్మ తాడు వదలకుండానే జవాబిచ్చింది.

"స్టేషను రానీ అయ్యా, మాకూ మంచిదే. రైలెక్కి చీరెలు అమ్ముకచ్చేది మేమే గద. మరి పడుగు లేకపాయె, నేత లేకపాయె, మీ రైల్ల ఏమేసుకొని పోవాలె? ఉత్త చేతులా?"

లైను పడితే ఏ ఊరి నుంచి ఏ సరుకు వెళుతుందో అంచనా వేసే పట్టిక ఒకటి ఉంటుంది. సిద్దిపేటకు అందులో మొదటి వరుసలోనే 'చేనేత బట్టల మూటలు' అని రాసినది వెంకోబరావు గారే. సామాన్ల షెడ్డు కొలత కూడా ఆ మూటలను బట్టే వేశారు. ఆయన, "గంజి ఆరిపోతుంది, మీ పని కానివ్వండి" అని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నక్షాలో స్టేషను పడుగుల వరుసను వదిలి మూడు వందల అడుగులు పడమటికి జరిగింది. అక్కడ నేల పల్లం, మట్టి పోసి ఎత్తు చేయాలి. ఖర్చు ఎందుకు పెరిగిందో ఇంజనీరు గారు స్వయంగా ఒక పేజీ రాశారు. టిక్కెట్టు కిటికీని ఉత్తరం వైపు తిప్పించారు. గోనెపట్టా సంగతి ఆ రోజు భోజనాల దగ్గర నేనే చెప్పాను. పాత గుంజలను పీకించలేదు. ఆరో దాన్ని మాత్రం గట్టిగా కొట్టించారు.

మూలంలో లేని గీతలు కలిపినందుకు నాకు రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చింది. దాని మీద కూడా సంతకం వెంకోబరావు గారిదే. నియమం నియమమే కనుక అది న్యాయమే. నా సర్వీసు ఫైలులో నా పని గురించిన మొదటి కాగితం అదే. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యేదాకా ఫైలుతో పాటు ఉంది.

ఆ లైను నా ఉద్యోగకాలంలో రాలేదు. ఇది రాస్తున్న నాటికీ సిద్దిపేటకు బస్సులోనే వెళుతున్నాను. నక్షా సొరుగులో ఉండిపోయింది.

నేను నేర్చుకున్నది ఒక చిన్న పద్ధతి. తరువాతి రోజుల్లో నా చేతి కింద పనిచేసిన వాళ్లు ఏ నక్షాలోనైనా 'ఖాళీ స్థలం' అని రాస్తే, దాని పక్కన ఎన్ని గంటలకు చూశారో రాయించాను. రాయకపోతే సంతకం పెట్టలేదు. కొందరు విసుక్కున్నారు. ఇద్దరు మాత్రం మళ్లీ పొద్దున్నే వెళ్లి చూసి వచ్చి, ఆ మాట కొట్టేశారు.