ఏడిళ్ళ నీళ్ళు

నౌపడకు రెండు మైళ్ళ దూరంలో మా అత్తవారి ఊరు. 1967 జూన్‌లో మా మామగారు ఒక గట్టు తగాదాలో సొంత కులం మనిషికి వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పారు. చెప్పింది నిజమే. కుల పెద్దలు కూర్చుని మా ఇంటిని వెలివేశారు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు, ఎనిమిదో నెల. మా ఆయన రైల్వే పనిలో ఖరగ్‌పూర్‌లో ఉన్నారు.

మా వీధిలో బాలింతకు మొదటి స్నానం సొంత ఇంటి నీళ్ళతో చేయించరు. కులంలోని ఏడిళ్ళ ఆడవాళ్ళు తలో బిందె వేడినీళ్ళు తెచ్చి పోస్తారు. పోస్తూ వేళాకోళమాడతారు, బాలింత నవ్వాలి. జూలై పదకొండున పాప పుట్టింది. మూడో రోజు స్నానం. పొద్దున్నుంచి వీధి తలుపు తీసే ఉంచాము. మధ్యాహ్నం దాటాక అత్తగారు మా పెరటి గాబులోని నీళ్ళే కాచి పోశారు. పోశాక ఆవిడే వెళ్ళి వీధి తలుపు మూశారు.

మర్నాటికి పాలు తగ్గాయి. ఆరో రోజుకు లేవు. డాక్టరు చూసి ఒంట్లో ఏ లోపమూ లేదన్నాడు, బాగా తినమన్నాడు. తింటూనే ఉన్నాను. వీధిలో ఎవరు నవ్వినా తలుపు వైపు చూసేదాన్ని. పాపకు మేకపాలు పడలేదు.

పన్నెండో రోజున, ఉప్పు మడుల్లో పనిచేసే ఒకామె పెరట్లోకి వచ్చింది. ఆమె కూతురు మా పాపకన్నా ఐదు రోజులు పెద్ద.

"పిల్లని ఇలాగియ్యమ్మా. నా పాలు ఇద్దరికీ సరిపోతాయి."

అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "మావోల్లు మమ్మల్ని ఎలేసినారు గానీ మా కులం ఎక్కడికీ పోనేదే. రేపు మల్లీ కలుపుకోవాలా వొద్దా?"

"అప్పటికి పిల్లుండాల గదమ్మా," అని ఆమె వెళ్ళిపోయింది.

నేను ఐదడుగుల దూరంలో మంచం మీద ఉన్నాను. పాప నా చేతుల్లోనే ఉంది. ఇద్దామని నేనూ అనలేదు. నాకూ ఆ ఏడిళ్ళే కావాలి.

జూలై ఇరవై తొమ్మిదిన పాప పోయింది. పద్దెనిమిది రోజులు. మామగారు ఒక్కరే పంచెలో చుట్టి తీసుకువెళ్ళారు.

మరుసటి ఏడు మామగారు పెద్దల ముందు తప్పయిందన్నారు, వాళ్ళు కలుపుకున్నారు. 1969 నవంబరులో కొడుకు పుట్టాడు. బిందెలు ఏడూ వచ్చాయి, లెక్కపెట్టుకున్నాను. వేళాకోళానికి నవ్వాను కూడా. ఆ సాయంత్రానికే పాలు పడ్డాయి. అదే ఒళ్ళు, అదే తిండి.

ఉప్పు మడుల ఆమె కూతురు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. ఎదురైతే పలకరిస్తుంది. ఆమె వయసు నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలుసు.