కుంటి సాలీడు

వీధిలో అందరూ ఆయన్ని సాలీడు మేస్త్రి అంటారు. ఆ పిలుపు వింటే ఆయనకు ఒళ్ళు మంట. జీవితమంతా సినిమాలకు బొమ్మలు చేశాడు: మొసళ్ళు, గద్దలు, తెగిన తలలు. జనానికి గుర్తున్నది మాత్రం ఒక్కటే. ఆయన పడుచుతనంలో చేసిన నలుపు తెలుపు సినిమాలో గోదాము మెట్లు దిగి వచ్చిన ఎద్దంత సాలీడు. అదీ కుంటుతూ.

ఆ కుంటి నడకే ఆయనకు గుండెల్లో ముల్లు. ఇనుప చువ్వలకు రబ్బరు తొడిగి, వెంట్రుకలు అతికించి, ఎనిమిది కాళ్ళూ తీగలతో ఆడేలా కట్టాడు. సెట్టు పైన పలకల మీద నలుగురు బోర్లా పడుకుని తలో రెండు కాళ్ళు లాగాలి. వెనక రెండు కాళ్ళూ మేస్త్రి బావమరిది వంతు. షూటింగు రోజు పొద్దున అతను ఇట్టే మంటంటుకునే జిగురు డబ్బా పక్కనే సిగరెట్టు ముట్టించాడు. మేస్త్రి అందరి ముందూ చెంప ఛెళ్ళుమనిపించాడు. కెమెరా తిరగ్గానే బావమరిది కసికొద్దీ ఒక తీగ వదిలేశాడు. సాలీడు ఒక కాలు ఈడ్చుకుంటూ దిగింది. చివరి మెట్టు దగ్గర బోర్లా పడి నడుము విరిగింది. మళ్ళీ తీసే వీల్లేక దర్శకుడు వచ్చినదే వాడుకున్నాడు.

అప్పటినుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎదురెదురు ఇళ్ళే అయినా మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మేస్త్రి భార్య ద్వారానే.

ఇప్పుడు ఒక కంపెనీ ఆ సినిమాను శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేయబోతోంది. ఎడిటరమ్మ మేస్త్రిని పిలిచి, మీరు సరేనంటే కంప్యూటర్లో ఆ కాలు సరిచేస్తానంది.

"చెయ్యమ్మా. నేను పోయేలోగా అది ఒక్కసారి తిన్నగా నడవాలి."

కబురు తెలిసి బావమరిది అక్కను వెంటేసుకుని ఎడిటింగ్ గదిలో ఊడిపడ్డాడు.

"అక్కా, నీ మొగుడికి చెప్పు. జనం వచ్చేదే ఆ కాలు చూడ్డానికని."

"నీ తమ్ముడికి చెప్పవే, జనం నవ్వేదీ ఆ కాలు చూసేనని."

"నవ్వారా? కేకలు పెట్టి హాల్లోంచి పరిగెత్తారు. గుర్తులేదేమో అడుగు."

"చెడగొట్టిన వెధవకి గొప్పలు కూడానా!"

"చెంపదెబ్బకి పుట్టిన కాలది. సగం నీ మొగుడిదేనని చెప్పు."

"నేనేమన్నా పోస్టు డబ్బానా? ఇద్దరికీ చెవులున్నాయి, సిగ్గే లేదు!" అని ఆవిడ విసవిసా బయటికి వెళ్ళిపోయింది.

మేస్త్రి పంతమే నెగ్గింది. కంపెనీ వాళ్ళిద్దరితో పాటు మరికొందరిని పిలిచి చిన్న హాల్లో వేసి చూపింది. సాలీడు మెట్లు దిగింది. ఎనిమిది కాళ్ళూ లెక్క తప్పకుండా పడ్డాయి. మేస్త్రి ముందుకు వంగి చూశాడు. హాల్లో ఒకడు ఆవలించాడు. మరొకడు ఫోను తీశాడు. వెనకనుంచి ఎవరో, "రబ్బరుతో భలే చేశారే," అన్నారు.

తర్వాత ఎడిటరమ్మ పోలిక కోసం పాత ముక్క వేసింది. కాలు మెట్టుకు తట్టుకుంది, ఆగింది, ఈడ్చుకుంటూ కదిలింది. దాని బరువుకు దుమ్ము లేచింది. ముందు వరసలో ఒకావిడ గబుక్కున కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది. ఫోను తీసినవాడు దాన్ని జేబులో పెట్టేశాడు.

తిన్నగా నడిచే సాలీడును చూసి మెచ్చుకుంటాం. దెబ్బ తిని కూడా మనవైపే వస్తున్నదాన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. పాత సాలీడు సినిమాలకు చావు లేకపోవడానికి కారణం పనితనమొక్కటే కాదు. మెట్ల మీద నిజంగానే ఒక బరువైన వస్తువు ఉంది, అది ఎవరి మాటా వినలేదు.

మేస్త్రి ముఖం మాడ్చుకుని లేచాడు. "పాతదే వెయ్యమ్మా."

బావమరిది నవ్వు చెవులదాకా సాగింది. మేస్త్రి అతని వైపు చూడలేదు.

"పేర్లలో వాడి పేరు కూడా వెయ్యి. ఎవడు చెడగొట్టాడో లోకానికి తెలియాలి."

"అక్షరాలు కాస్త పెద్దవిగా వెయ్యండి మేడమ్," అన్నాడు బావమరిది.