బుధవారం రాత్రి మూడింటికి

ఇది చదివేముందు ఒక చెప్పు చేతికి అందేటట్టు పెట్టుకోండి. మధ్యలో నన్ను కొట్టాలనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత నాకే అనిపిస్తోంది, మీకు అనిపించడంలో వింతేముంది? ఫోన్లో ఒక్క రోజు తేడాగా నొక్కి, మా పెద్దమ్మ ఏడాది పంటను వానకు అప్పగించబోయిన ఘనుణ్ని నేను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిచ్‌పల్లిలో కంప్యూటర్ చదువు పూర్తిచేసి పెర్కిట్‌లో మా ఇంటికి వచ్చాను. ఉద్యోగం రాలేదు, తెలివి మాత్రం విపరీతంగా వచ్చింది. దాన్ని ఎవరి మీద ప్రయోగించాలా అని చూస్తుంటే రాజన్న మామ దొరికాడు.

మామకు పసుపు ఉడికించే బాయిలర్ ఉంది. ట్రాక్టర్ వెనక కట్టుకుని చేను చేనుకూ తిప్పుతాడు. మా ఆర్మూరు వైపు పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెడితేనే మార్కెట్‌కు పోతుంది. వేకువన మూడింటికి బాయిలర్ అంటిస్తే ఎండ ఎక్కేసరికి పసుపు కల్లంలో పరుచుకోవచ్చు. కాబట్టి అందరికీ ఆ మూడింటి వంతే కావాలి. ఎవరి వంతు ఎప్పుడో మామ గోడ క్యాలెండర్ మీద రాసుకునేవాడు.

"గీ జమానాల క్యాలెండరేంది మామా?" అంటూ దాన్ని మేకు మీది నుంచి నా చేతులతో నేనే తీసేశాను. వారం రోజులు కూర్చుని ఒక యాప్ తయారుచేశాను. రోజు, గంట నింపితే వంతు ఖాయం. బాయిలర్ వెళ్లిన గంటలోపు రైతు రాకపోతే ఆ పేరు కొట్టేసి, వంతు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఈ చివరి ముక్క రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను.

"ఇగ నీ బుర్రకు పని లేదు మామా. ఫోన్ల ఏముంటే గదే. ఎవలు ఏం చెప్పినా వినకు."

"నువ్వెట్లంటే గట్లనే అల్లుడా," అన్నాడు మామ. అంత వినయం చూసినప్పుడే నాకు భయం వేసి ఉండాల్సింది.

ఆ సోమవారం మాక్లూర్ దగ్గరి ఊరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. మా అమ్మకు అక్క. ఉన్నదంతా పసుపు మీదే పెట్టిన మనిషి.

"బిడ్డా, బుధవారం మాపటికి తవ్వుడు అయిపోతది. బుధవారం రాత్రి మూడింటికి బాయిలర్ పంపు. మొగులు పట్టేటట్టున్నది, జర యాదుంచుకో."

"యాదుంచుకునుడు నా పని గాదు పెద్దమ్మా, కంప్యూటర్ పని," అని నవ్వి, 'బుధవారం, మూడు గంటలు' అని నొక్కాను.

ఇక్కడ మీ చెయ్యి చెప్పు దగ్గరికి పోయి ఉంటుంది. కంప్యూటర్‌కు రోజు అర్ధరాత్రి పన్నెండింటికి మొదలవుతుంది. బుధవారం మూడు గంటలంటే దాని లెక్కలో మంగళవారం మనం పడుకున్నాక వచ్చే మూడు. పెద్దమ్మ చెప్పింది బుధవారం పని ముగించి, అన్నం తిని, కునుకు తీసి లేచే మూడు. రెంటికీ మధ్య ఒక రోజంతా తేడా. ఆ తేడా మా ఇంట్లో కోళ్లకు కూడా తెలుసు. నాకు తెలియలేదు, ఎందుకంటే నేను చదువుకున్నాను.

బాయిలర్ ఒక రోజు ముందే వెళ్లింది. చేను సగమే తవ్వి ఉంది, మనిషి జాడ లేదు. గంట కాగానే నా యాప్ పెద్దమ్మ పేరు కొట్టేసి, ఆమెకు ఇంగ్లిషులో ఒక మెసేజ్ పంపింది. పెద్దమ్మకు తెలుగే చదవరాదు. ఆలస్యం అమృతం విషం అన్నవాళ్లకు ముందే వచ్చిపోయిన బాయిలర్ సంగతి తెలియదు.

గురువారం పొద్దున ఆరింటికి మా తలుపు విరిగినంత చప్పుడైంది. తీస్తే పెద్దమ్మ. ఆమె వెనక రెండు ఆటోల్లోంచి కూలి ఆడవాళ్లు దిగుతున్నారు.

"నీ తెలివి బండకు కొట్ట! పద్నాలుగు మందిమి మూడింటి సంది చేన్ల కూసున్నం. కట్టెలు పేర్చినం, నీళ్లు నింపినం. బాయిలర్ ఏదిరా?"

కాళ్లు పట్టుకోవాల్సిన సమయంలో నేను ఫోన్ పట్టుకున్నాను.

"వచ్చింది పెద్దమ్మా. బుధవారం మూడింటికే వచ్చింది. మీరే లేరు."

"బుధవారం రాత్రి అన్నగదరా!"

"రాత్రి మూడంటే గురువారమైతది. పన్నెండింటికి దినం మారుతది పెద్దమ్మా."

"ఎవడు మార్చిండు?"

"అంటే... దానంతటదే..."

"పన్నెండింటికి నేను మెలకువతోనే ఉన్న. ఏదీ మారలే. పొద్దు పొడవలే, కోడి కూయలే, బుధవారం యాడికి పోయిందిరా? నువ్వు పుట్టినప్పుడు దవాఖానల నేనే ఉన్న. శనివారం రాత్రి రెండింటికి పుట్టినవ్. గది గూడ మార్చిందా నీ డబ్బా?"

నా సర్టిఫికెట్‌లో ఆదివారం అని ఉంది. ఆ సంగతి చెప్పకుండా నోరు మూసుకోవడం ఆ వారంలో నేను చేసిన ఒకే ఒక తెలివైన పని.

వాళ్లు వెళ్లాక సిగ్గు రావాలి కదా, నాకు కోపం వచ్చింది. పెద్దమ్మ మీద, ఊరి మీద, పన్నెండు గంటల మీద. ఆ కోపంలోనే యాప్ సరిచేశాను. ఇకమీదట పొద్దున ఆరులోపు గంట ఎవరు పెట్టినా మరుసటి రోజుకు జరపాలి, అంతే! పెద్దమ్మకు 'గురువారం, మూడు' అని నొక్కాను. శుక్రవారం తెల్లవారకముందే బాయిలర్ ఆమె చేనుకు చేరింది.

పొద్దున్నే గర్వంగా వెళ్లాను. బాయిలర్ పొగలు కక్కుతోంది, చేనంతా ఉడికిన పసుపు వాసన. పెద్దమ్మ మొహం అటు తిప్పుకునే చాయ్ ఇచ్చింది. అది గొంతు దిగకముందే ఒక స్కూటర్ వచ్చి ఆగింది. లింబాద్రి సారు. బడిలో నాకు లెక్కలు చెప్పిన సారు, ఇప్పుడు పసుపు వేస్తున్నాడు. యాప్‌లో తన వంతు తానే నింపుకున్నాడు: 'శుక్రవారం, మూడు'. మండలం మొత్తంలో కంప్యూటర్ లెక్క ప్రకారం సరిగ్గా నింపిన మనిషి ఆయనొక్కడే. నా కొత్త తెలివి ఆయన్ను శనివారానికి నెట్టేసింది.

"బాయిలర్ గీడెందుకున్నదిరా?"

"మీరు శుక్రవారం రాత్రి అనుకుంటున్నరని యాప్ అనుకున్నది సార్..."

"నేననుకునేది నీ యాప్ అనుకునుడేంది? నిన్ను లెక్కలల్ల పాస్ చేసిన పాపం నాదే! నడువు, బాయిలర్ నాది!"

"ఎట్ల నీదయితది సారూ? గురువారం రాత్రి మూడు నాది!" అంటూ పెద్దమ్మ పార పట్టుకుని లేచింది. ఇద్దరిదీ నిజమే. పెట్టుకున్న రోజు పేర్లే రెండు, ఆ మూడు గంటలు ఒక్కటే. పైన మొగులు ఉరిమింది. ఇద్దరూ ఒక్కసారి నావైపు తిరిగారు.

అప్పుడు రాజన్న మామ నిదానంగా ట్రాక్టర్ సీటు కిందికి చెయ్యి పెట్టి క్యాలెండర్ తీశాడు. నేను మేకు మీది నుంచి తీసేసిన క్యాలెండరే. బుధవారం గడిలోనూ కాదు, గురువారం గడిలోనూ కాదు, రెంటి మధ్య గీత మీద పెద్దమ్మ పేరు రాసి ఉంది. గురువారానికీ శుక్రవారానికీ మధ్య గీత మీద సారు పేరు.

"గీత మీద రాస్తే ఏ తేదీ అని ఎట్ల తెలుస్తది మామా?"

"ఏ తేదీ అయితే నాకేంది? రాత్రికి పోత, తెల్లారేదాక ఉంట."

"ఇంత తెలిసి మంగళవారం రాత్రే ఎందుకు పోయినవ్?"

"ఫోన్ల ఏముంటే గదే, ఎవలు ఏం చెప్పినా వినకు అన్నవ్ గద అల్లుడా. మీ పెద్దమ్మ చెప్పింది, సారు గూడ చెప్పిండు. వినలే."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతికితే అక్కడ నేనొక్కణ్నే మిగిలాను. పదింటికి బాయిలర్ సారు చేనుకు కదిలింది. చినుకుల్లో సారు పసుపు కుప్పల మీద టార్పాలిన్లు కప్పింది నేను, ఎండ వచ్చాక తీసింది నేను, పొద్దుమూకేదాకా గంపలు మోసింది నేను. పంట దక్కింది. నా నడుము దక్కలేదు.

అందుకని వారం రోజులు చేతులకు వదలని ఆ పసుపు సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. పొద్దు పొడవకుండా ఎవరి దినాన్నీ నేను మార్చను. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసి మూడింటికి అన్నా వారం అడగను, తేదీ అడగను. ఒక్కటే అడుగుతాను: "పండుకునే ముందటి దినమా, లేచినాకటి దినమా?" ఆ తర్వాత గీత మీద రాసుకుంటాను.