అన్నయ్య కొన్న కారు

అతను డాక్టరు కాడు. అయినా వీధివీధంతా చిన్న డాక్టరనే పిలుస్తుంది. అసలు డాక్టరు వాళ్ళ అన్నయ్య. ముందుగదిలో అన్నయ్య పళ్ళు పీకుతాడు, వెనకగదిలో తమ్ముడు కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఆ వెనకగదికి కిటికీ లేదు. బల్ల మీద ఎవరెవరివో దవడల అచ్చులు తెల్లగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కరిగిన మైనం వాసన, సానపట్టే మిషను రొద, ముక్కునిండా ప్లాస్టరు పొడి.

మేడమీద ఒక గది అతనికీ భార్యకీ. వంట మాత్రం కిందే, అందరికీ కలిపి. అందరూ అంటే ముగ్గురే. వదిన పోయిన దగ్గర్నుంచీ తమ్ముడు ఎదురుగా కూర్చుంటే తప్ప అన్నయ్యకు ముద్ద దిగదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆయనే. చదువబ్బకపోతే పని నేర్పించిందీ, పెళ్ళి చేసిందీ ఆయనే. చిన్న డాక్టరు ఆయనకు ఎదురుచెప్పి ఎరగడు. అడక్కముందే అన్నీ అమర్చిపెట్టే మనిషికి ఏమని ఎదురుచెప్తాడు?

ఏడాది మొత్తమ్మీద తనదంటూ ఉన్నది ఒకే రోజు, పాత కార్ల ప్రదర్శన. ఆ రోజు ఒక్కడే బస్సెక్కి ఊరి చివరి మైదానానికి పోయేవాడు. గుండ్రటి లైట్లు, పక్కన కాలుపెట్టి ఎక్కే మెట్టు, అద్దంలా మెరిసే బంపర్లు. ఏ కారు చూసినా మోకాళ్ళ మీద కూర్చుని అడుగుభాగం దాకా తొంగిచూసేవాడు. "ఏం పోగొట్టుకున్నావయ్యా?" అని చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు.

కిందటేడు ఒక పాత కారు స్టీరింగుకు పెచ్చు ఊడిపోయి ఉంది. దంతం రంగు స్టీరింగు. అతను కారాయన్ను బతిమాలి, పళ్ళు చేసే ముద్దనే రంగు కలిపి తెచ్చి, అతికించి, అరగదీసి, అతుకు కనబడకుండా చేశాడు. పక్కూళ్ళో పాత కార్లు బాగుచేసే షెడ్డాయన అదంతా నిలబడి చూశాడు.

"నీ చేతిలో పనుందయ్యా. మా షెడ్డుకొచ్చెయ్. పక్కనే చిన్న ఇల్లుంది, మీ ఆవిడతో కలిసి వచ్చెయ్," అన్నాడు.

ఆ మాట విన్న అతని భార్యకు కాలు నేలమీద నిలవలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తన పొయ్యి మీద తన ఇష్టానికి ఒక్క కూర వండుకున్నది లేదు. "బావగారికి ఎప్పుడు చెప్తారు?" అని అడిగితే అతను "రేపు" అనేవాడు. రేపు వచ్చేది, ఎవరిదో దవడ అచ్చూ వచ్చేది, మాట మళ్ళీ రేపటికి పోయేది. చివరికి షెడ్డాయన, "ఈసారి ప్రదర్శనలో ఏదో ఒకటి తేల్చెయ్," అని కబురు పెట్టాడు.

ఆ ప్రదర్శన ఇంక వారం ఉందనగా, క్లినిక్ ముందు ముదురాకుపచ్చ పాత కారొకటి ఆగింది. అన్నయ్య దిగి, తాళం తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నీకేరా! ఎన్నాళ్ళని ఊళ్ళోవాళ్ళ కార్ల కింద దూరతావు? ఈసారి మనదీ పెడదాం. పేరిచ్చేశాను."

చిన్న డాక్టరుకు కళ్ళు చెమర్చాయి. ఆనందమో, ఇంకేమిటో అతనికే తెలియలేదు. మేడమీంచి చూస్తున్న భార్య కిటికీ రెక్కలు మూసేసింది.

ప్రదర్శన రోజున ఇద్దరూ ఆ కార్లోనే వెళ్ళారు. చుట్టూ తాడు కట్టి, కారు యజమాని పక్కనే ఉండాలన్నారు. తాడు అవతల, ఏడాదంతా కలలుగన్న కార్లన్నీ బారులు తీరి ఉన్నాయి. అతను మాత్రం కదలడానికి లేదు. వచ్చినవాళ్ళకు అన్నయ్యే చెబుతున్నాడు, "మా తమ్ముడి కారండీ, వాడికి పిచ్చి."

మధ్యాహ్నం షెడ్డాయన వచ్చి తాడు దగ్గర నిలబడ్డాడు. "ఏమంటావ్ మరి?"

అతను నోరు తెరిచేలోగా అన్నయ్య అతని భుజం మీద చెయ్యేసి, "మావాడికి నన్నొదిలి ఒక్క పూటైనా తోచదండీ," అని గట్టిగా నవ్వాడు. షెడ్డాయన అతని ముఖంలోకి కాసేపు చూశాడు. అతను చూపు తిప్పుకుని, మెరుస్తున్న బంపరునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం కార్లన్నీ వరసగా మైదానం చుట్టూ తిరగాలి. అతను స్టీరింగు ముందు, అన్నయ్య పక్కన. ముందు కారు, వెనక కారు, అటూ ఇటూ జనం. తొందరపడటానికి లేదు, ఆగడానికీ లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇప్పుడనకపోతే ఇంకెప్పటికీ అనలేననిపించింది.

"అన్నయ్యా, నేను షెడ్డులో చేరదామనుకుంటున్నాను. మేమిద్దరం వెళ్ళిపోతాం."

"తెలుసు," అన్నాడు అన్నయ్య. జనానికి చెయ్యూపుతూనే ఉన్నాడు. "నువ్వు లేనప్పుడు ఆ షెడ్డాయన క్లినిక్కుకు ఫోన్ చేశాడు. అందుకే కొన్నాను."

అతను స్టీరింగు గట్టిగా పట్టుకుని ముందు కారు వెనకే పోనిచ్చాడు.

"కోపమొస్తే తిట్టరా," అన్నాడు మళ్ళీ అన్నయ్య. ఊపుతున్న చెయ్యి దిగిపోయింది. "నువ్వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనొక్కణ్ణీ ఏం తినను? ఎవరితో మాట్లాడను?"

తిట్టాలనే ఉంది. పక్కకు తిరిగి చూస్తే, తనను సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి ముసలివాడై, సీటు అంచున చిన్నగా ముడుచుకుని ఉన్నాడు. తిట్టు నోట్లోనే చచ్చిపోయింది. ముందు కారు మలుపు తిరిగింది. అతనూ తిరిగాడు.

ఇంటికొచ్చాక భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మంచం మీది దుప్పటి మడతపెడుతూ అంతా వింది.

"మీకు కారిచ్చారు. మరి నాకు?" అంది.

మర్నాడు అతను షెడ్డాయనకు ఫోన్ చేసి రాలేనని చెప్పాడు. ఆయన ఎందుకని కూడా అడగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం చిన్న డాక్టరు అన్నయ్యను కార్లో తిప్పుకొస్తాడు. వీధిలోవాళ్ళు అరుగుల మీంచి చూసి, అదృష్టమంటే వాళ్ళదే అనుకుంటారు. అన్నయ్య పిలుస్తూనే ఉంటాడు, "అమ్మాయీ, నువ్వూ రావమ్మా" అని. ఆమె "పనుంది బావగారూ" అంటుంది. ఆ కారు తలుపు మీద ఇంతవరకూ చెయ్యి కూడా వెయ్యలేదు.