పడవ లిస్టులో ఒక్క నాంచారమ్మే

కృష్ణ పొంగుతోందని ఈ రోజు మా లంకలోని ముసలివాళ్లను పడవలో దాటించారు. రెండు వీధుల లిస్టులనూ మా మనవరాలు శ్రావణి పైథాన్ ప్రోగ్రాంతో కలిపి ఒకటి చేసింది. నా పేరూ, పక్కవీధిలో ఉండే మా తోడికోడలి పేరూ నాంచారమ్మే. ఇంటిపేరూ ఒకటే. ఆవిడను ఎక్కించుకుని పడవ వెళ్లిపోయింది. గదిలోకి నీళ్లొచ్చాయి. మంచమెక్కి నేను గొంతు పోయేలా అరిస్తే, చాలాసేపటికి తిరిగొచ్చారు.

కరకట్ట ఎక్కగానే శ్రావణిని అడిగాను. "నన్నెట్టా వదిలేశావే?"

"రెండుసార్లు వచ్చిన పేరు ఒక్కసారే ఉంచమని రాశాను నానమ్మా. మీ ఇద్దరినీ ప్రోగ్రాం ఒక్క మనిషే అనుకుంది."

"దానికి తెలియదు సరే, మేమిద్దరం ఉన్నామని నీకూ తెలియదటే?"

ఇది శ్రావణి చేతే రాయిస్తున్నాను. మీ ఊళ్లోనూ ఒకే పేరువాళ్లు ఉన్నారా? ఉంటే లిస్టులు కలిపినవాళ్లను ఇవాళే నిలదీయండి. అందరి కేకా పడవదాకా వినబడదు.