జున్ను గిన్నెలు ఖాళీగా తిరిగిపోయిన రోజు

మా అత్త బర్రె దగ్గర కూర్చుంటే చూడాలి. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. బీడీలు చుట్టే చేతితో ఇంత పెద్దది ఎప్పుడూ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, బాగా గుర్తున్న చోటు నుంచే మొదలుపెడుతున్నాను.

పాలు పిండేముందు ఆమె గొంతుకూర్చుని, నుదురు బర్రె డొక్కకు ఆనించేది. చెంబు పక్కన పెట్టి కాసేపు ఊరికే ఉండేది. బర్రె నెమరు వేయడం మొదలుపెట్టాక అప్పుడు చేయి వేసేది. నేను కొత్తగా వచ్చినప్పుడు, ఈమెకు పొద్దున్నే కునుకు పడుతుందేమో అనుకున్నాను. తర్వాత నేనూ పిండడం నేర్చుకున్నాను కానీ, ఆమె చేతికి వచ్చినన్ని పాలు నా చేతికి ఎన్నడూ రాలేదు.

మాది బోధన్ దగ్గర పల్లె. చుట్టూ చెరుకు. మా మామ నా పెళ్లికి ముందే పోయాడు. మా ఆయన చెరుకు కాలంలో ఫ్యాక్టరీకి బండి తోలేవాడు, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. నేను ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. ఇంటికి ఒక్కటే బర్రె. దాని తల్లిని మా అత్త తన తల్లిగారింటి నుంచి, సిరికొండ వైపు అడవి పక్క ఊరి నుంచి తెచ్చుకున్నది. అది బండికి కట్టినా ఎదురు తిరిగితే, దారి పొడుగునా పలుపు పట్టుకుని తానే నడిపించుకొచ్చిందట. అందుకే దాని కడుపున పుట్టిన ఈ బర్రెను ఎవరైనా బర్రె అంటే ఆమెకు నచ్చేది కాదు. మా ఇంటి పిల్ల అనేది.

చెరుకు కొట్టే కాలం వస్తే మా వాడలో పశువులకు పండగ. మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టేవాళ్లు గుంపులుగా వచ్చి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. వాళ్లు కొట్టి పడేసిన చెరుకు కొసలు మోపులు కట్టి తెచ్చుకోవచ్చు. ఊరికే వస్తుంది కదా అని అందరూ పశువులకు పొద్దూ మాపూ అదే వేసేవాళ్లు. కాలం అయిపోయేసరికి వాడలో బర్రెలన్నీ పలచగా పారుతూ, తొడ ఎముకలు బయటపడి ఉండేవి. మా అత్త మాత్రం కొసలను కత్తితో నరికి, అందులో జొన్న సొప్ప కలిపి, పైన గుప్పెడు తవుడు చల్లి పెట్టేది. పక్కింటి వదిన నవ్వేది, బర్రెకు బువ్వ కలిపి పెడుతున్నావా అత్తా అని. కొట్టం అడుగున బురద అయితే మా ఆయనతో మొరం తెప్పించి పోయించేది. నేను తడిలో పడుకుంటానా, మరి ఇదెందుకు పడుకోవాలి అనేది. అంత చేసేది కాబట్టే, దూడలు చనిపోతుంటే ఆమెకు అర్థం కాలేదు.

నేను వచ్చాక మొదటి ఈతలో పుట్టిన దూడ కొద్ది రోజులకే పారుడు పట్టి చనిపోయింది. దూడ లేకపోతే బర్రె చేపదు, పాలు పైకి ఎక్కించుకుంటుంది. అందుకని మా వైపు చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి కుడతారు. ఆ గడ్డి దూడను ముందు పెడితే బర్రె దాన్ని వాసన చూసి నాకుతుంది, పాలు దిగుతాయి. చాలా ఇళ్లలో పిండడం అయ్యాక ఆ తోలును ఒక మూలకు విసిరేసేవాళ్లు. మా అత్త అలా చేసేది కాదు. దాని మీద ఉప్పునీళ్లు చల్లి, రెండు చేతులతో పట్టుకుని బర్రె ముందు పెట్టేది. పని అయ్యాక గోనెసంచి కప్పి అటుక మీద పెట్టేది. ఎందుకంత అని ఒకసారి అడిగాను.

"దాన్ని మోసం జేస్తున్నం పిల్లా. ఇజ్జత్ తోనన్న జెయ్యాలె."

మోసమైనా మర్యాదగా చెయ్యాలన్న ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

రెండో ఈతలో కూడా దూడకు పారుడు పట్టింది. ఈసారి మా ఆయన పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన స్కూటర్ మీద వచ్చాడు, మంచి మనిషి. చొక్కా చేతులు మడిచి కొట్టంలోనే కూర్చుని దూడకు మందు పోశాడు. పుట్టాక మొదటిసారి పాలు ఎప్పుడు తాగింది అని అడిగాడు. దూడ తర్వాత కడుపులోంచి వచ్చే మాయ పడ్డాక అని మా అత్త చెప్పింది. మాయ ఎప్పుడు పడింది అంటే, తెల్లారి పొద్దెక్కాక అంది.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. బర్రె ఈనాక మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వరు. పడ్డాక మొదటి పాలు పిండి, పోచమ్మకు ఇంత, వాడలో ఇంటింటికీ జున్నుకు ఇంత పోస్తారు. మిగిలింది దూడకు. జున్ను పాలు తీసుకున్నవాళ్లు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు, పిడికెడు బియ్యం వేసి ఇస్తారు. ఎంతమందికి పోస్తే ఆ ఇంటికి అంత పేరు. మా అత్త వాడంతా పోసేది.

డాక్టరు చెప్పింది ఒక్కటే. ఆ మొదటి పాలు దూడకు మందులాంటివి. పుట్టి లేవగానే కడుపు నిండా తాగాలి, ఆలస్యమైతే ఎన్ని తాగినా అంత పని చేయవు. దూడ చీకుతుంటేనే మాయ కూడా తొందరగా పడుతుంది అన్నాడు. మా అత్తకు కోపం వచ్చింది.

"మాయ వడకముందు పాలిస్తే అది లోపల్నే ఉండి కుళ్లుతది సారూ. మా అవ్వ గట్లనే జెప్పింది. మా అవ్వకు వాళ్లవ్వ జెప్పింది."

ఆయన వాదం పెట్టుకోలేదు. మీ ఇష్టం అవ్వా అని, మళ్లీ దూడ పుట్టగానే బొడ్డుకు పూసే మందు, తర్వాత కడుపు పురుగులకు పోసే నట్టల మందు ఇచ్చి వెళ్లాడు. దూడ బతకలేదు. అటుక మీద గడ్డి దూడ పక్కన ఇంకొకటి చేరింది.

ఆ రోజు మా ఆయన గట్టిగా చెప్పాడు. ఇంకో దూడ పోతే బర్రెను అంగడికి తోలుకుపోతా, గడ్డి దూడను పెట్టినా సరిగా చేపని బర్రెను ఎన్నేళ్లు మేపుతాం అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు. పాలు పోసే హోటల్ వాళ్లు ఇంకొకరిని చూసుకుంటున్నారు, పిల్లలకు చాయలోకి కూడా పాలు లేవు. మా అత్త బొడ్డు మందు సీసాను గూట్లో దీపం పక్కన పెట్టింది. డాక్టరు మాట కాదన్న మనిషే ఆయన ఇచ్చిన మందును దేవుడి పక్కన పెట్టడం నేను చూశాను.

బర్రె మళ్లీ సూడిగా ఉన్నప్పుడు ఆమె తల్లిగారింటికి, తమ్ముడి మనవరాలి పురుడుకు పోయింది. వాళ్లకు మేకలున్నాయి. తిరిగి వచ్చాక పురుడు సంగతులన్నీ చెప్పింది కానీ మేకల మాట ఎత్తలేదు. చాలా రోజులు ఏదో మనసులో పెట్టుకుని తిరిగింది. బీడీ ఆకు కత్తిరించడానికి నా పక్కన కూర్చుని, కత్తెర అలాగే పట్టుకుని కొట్టం వైపు చూసేది.

బర్రె ఒక మధ్యాహ్నం ఈనింది. దుడ్డె, అంటే ఆడదూడ పుట్టింది, నుదుట చిన్న తెల్ల మచ్చ. బర్రె నాకుతూ ఉంది. ఆ సంగతి వాడకు ఎలా తెలుస్తుందో గానీ, అప్పటికే పక్కింటి వదినతో పాటు ఇంకొందరు ఆడవాళ్లు చేతిలో గిన్నెలతో మా గడప దగ్గర ఉన్నారు. మాయ పడ్డాక పోసే జున్ను పాలకు గిన్నెలు ముందే ఇచ్చిపోవడం వాడలో అలవాటు. నేను దుడ్డెను పక్కకు కట్టడానికి తాడు తీసుకుని వచ్చాను. మా అత్త ఆ తాడు నా చేతిలోంచి తీసుకుని వెనక్కి పడేసింది. బొడ్డుకు మందు పూసింది. దుడ్డెను ఎత్తి పొదుగు దగ్గర నిలబెట్టి, చన్ను దాని నోట్లో పెట్టింది.

మా ఆయన కొట్టం గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మాయ ఇంకా పడలేదు, తెలుసా అని అడిగాడు. ఆమె తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"మేక అడివిల ఈనుతది. పిల్ల లేస్తది, తాగుతది. మాయ వడ్డదా అని ఎవలన్న అడుగుతరా దాన్ని? మొన్న మా తమ్మునింట్ల నా కండ్లార జూసిన. మేకకు తెల్వంది నాకేం తెలుసురా?"

గడప దగ్గర అందరూ చూస్తున్నారు. ఏళ్ల తరబడి అదే వాడలో, మాయ పడకముందు పాలు ముట్టొద్దని అందరికీ చెప్పిన మనిషి ఆమె. వాళ్ల ముందే తన మాట తానే మార్చుకుంది. నాకైతే ఆ ధైర్యం లేదు. పక్కింటి వదిన ఊరుకోదు కదా.

"ఏం అత్తా, జున్నంత దుడ్డెకేనా? అది బియ్యమేసి గిన్నె మర్లిస్తదా మరి?"

"మర్లిస్తది. రేపు ఈనినంక గంజు నిండ మర్లిస్తది. అప్పుడు రా."

అందరూ నవ్వారు. నవ్వినా గిన్నెలు ఖాళీగానే తీసుకుపోయారు. మా ఇంటి నుంచి జున్ను లేకుండా గిన్నెలు పోవడం అదే మొదలు.

ఆ పొద్దంతా మా అత్త కొట్టంలోంచి కదల్లేదు. మాయ పడలేదు. మా ఆయన గడపకూ కొట్టానికీ తిరుగుతున్నాడు. నేను బియ్యం ఏరుతూ ఏరిన రాళ్లే మళ్లీ అందులో వేసుకున్నాను. దుడ్డె ఇంకోసారి లేచి తాగింది. మా అత్త చెయ్యి బర్రె వీపు మీదే ఉంది. పొద్దు గూకే వేళకు బర్రె కాళ్లు దగ్గరికి తీసుకుని వంగింది, మాయ మొత్తం జారిపడింది. మా అత్త దాన్ని కర్రతో విప్పి చూసి, పూర్తిగా వచ్చిందని చూసుకుని, దూరంగా గుంత తీయించి పూడ్చింది. అప్పుడు వచ్చి గడప మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగి, ఇంకో చెంబు తెమ్మంది. అప్పటిదాకా ఆమెకు కూడా భయమేనని అప్పుడు తెలిసింది నాకు.

ముందు దూడలకు పారుడు పట్టిన వయసు వచ్చింది. పొద్దున్నే లేచి మేమంతా ముందు దుడ్డె తోక కింద చూసేవాళ్లం. ఆ వయసు దాటింది. తర్వాత నట్టల మందు పోశాం, మా అత్త దాని దవడలు పట్టుకుంటే నేను పోశాను, సగం నా చీర మీదే పడింది. దుడ్డె చీకుతుంటే బర్రె ఎంత చేపిందో, మా ఆయన మళ్లీ అంగడి మాట ఎత్తలేదు. ఒకరోజు ఆయనే అటుక ఎక్కి ఆ గడ్డి దూడలు రెండూ దించాడు. మా అత్త వాటిని తన చేతులతో తీసుకుపోయి, మాయ పూడ్చిన చోటనే పూడ్చిపెట్టింది.

ఆ దుడ్డె పెరిగి తొలిసారి ఈనే నాటికి మా అత్తకు నడుము పడిపోయింది. కొట్టం కనిపించేలా మంచం వాకిట్లో వేయించుకుంది. వదిన వచ్చింది, చేతిలో గిన్నె కాదు, పెళ్లిళ్లలో పప్పు వండే గంజు. ఇయ్యాల మర్లిచ్చే రోజు కదా అంది. మా అత్త నవ్వి, గంజు మంచం కింద పెట్టిపొమ్మంది, ముందు పిల్ల తాగాలని.

నేను అప్పుడే పుట్టిన దూడను ఎత్తి పొదుగు దగ్గర నిలబెట్టాను. అది చీకుతున్న చప్పుడు మంచం దాకా వినిపిస్తోంది. మా ఆయన అలవాటుగా, మాయ పడిందా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. మంచం మీది నుంచి మా అత్త అంది:

"పడ్తది తియ్యిరా. దాని పని అది జూసుకుంటది. దాన్ని తాగనియ్యి."